లోపల ఏమీ దాచని కోటు

దోన్ ఎలీజియో మా కొట్టు గుమ్మంలో నిలబడగానే నా మొగుడు సబాతో కత్తెర గట్టిగా పట్టుకున్నాడు. నేను గౌను జేబులో ఉన్న ఇనప తాళంచెవిని పట్టుకున్నాను. నేపుల్స్‌లో మా వీధి మొత్తం మీద దిష్టికి విరుగుడుగా ఇనుము తాకకుండా ఆ మనిషికి ఎదురుపడేవాళ్ళు ఒక్కరూ లేరు. పేరైనా ఎత్తరు, "ఆయన" అంటారంతే. ఆయన తాగి వెళ్ళిన కప్పును కాఫీకొట్టు వాడు వెనక్కి తీసుకెళ్ళి పగలగొడతాడు. ఆయన చూపు అలాంటిది.

ఆ చూపు సంగతి నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. నిరుడు మా అమ్మాయి ఇమ్మా ఏడో నెల కడుపుతో మెట్లు దిగుతుంటే ఎదురొచ్చి, "ఎంత నిండుగా ఉన్నావమ్మా!" అన్నాడు. ఆ వారం దాటకుండానే బిడ్డ కడుపులోనే పోయింది. ఇప్పుడు ఇమ్మా మళ్ళీ నెలలు నిండి కాన్పుకొచ్చి మా పైగదిలోనే ఉంది. ఈ మహానుభావుడికి కోటు కుట్టించుకోవడానికి ఇంకో కొట్టే దొరకలేదా ఈ ఊళ్ళో!

"వేసవి కోటు, సబాతో," అన్నాడు. "భుజాల్లో దూది వద్దు. ఛాతీలో బిగువుకి వేసే కాన్వాసు వద్దు. లైనింగు అసలే వద్దు. లోపల ఏమీ ఉండకూడదు."

ఆయన అటు వెళ్ళగానే నేను మొగుడి మీద పడ్డాను. "నోరు పడిపోయిందా? కుదరదని చెప్పలేవూ?"

"చెప్తే కోపం వస్తుందే. మామూలుగా చూస్తేనే ఇలా ఉంటే, కోపంగా చూస్తే మన గతేంటి?"

నారబట్ట తాను తెచ్చి బల్లమీద పడేశాను.

లైనింగు లేని కోటంటే తేలికపని అనుకుంటారు తెలియనివాళ్ళు. దర్జీ పరువు కాపాడేదే లైనింగు. అది లేకపోతే కోటు విప్పి కుర్చీకి తగిలించగానే మన పనంతా బయటపడుతుంది. సబాతో నారబట్ట కోసి, చొక్కాకి కుట్టినట్టు భుజం దగ్గర చిన్న చిన్న కుచ్చులొచ్చేలా చేతులు అతికించాడు. లోపలి అంచులు నా పని. ప్రతి అంచుకీ సన్నటి పట్టుపట్టీ చుట్టి చేత్తో కుట్టాలి. ఒకసారి సూది గుచ్చుకుని వేలిమీద రక్తం చుక్క లేచింది. నా రక్తం ఆయన బట్ట మీద పడితే నా కూతురికేమవుతుందోనని వేలు నోట్లో పెట్టుకుని ఏడ్చాను.

మామూలు కోటైతే ఇంత భయం ఉండేది కాదు. అలాంటి మనిషి కోటులో లైనింగు కింద చిన్న పగడపు కొమ్ము పెట్టి కుట్టేస్తే చూపు చచ్చిపోతుంది. మా అమ్మ పెట్టేది, మా ఊళ్ళో దర్జీలందరూ పెడతారు. ఇందులో ఎక్కడ పెట్టను? లోపలంతా కళ్ళకి కట్టినట్టు కనబడుతుంటే! వెతగ్గా వెతగ్గా కాలరు దొరికింది. అక్కడ రెండు పొరలున్నాయి. సబాతో చూడకుండా గోరంత కొమ్ము మధ్యలో దోపి మూసేశాను.

కోటు కోసం ఆయన వచ్చిన పూట, తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉండగా మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

"అమ్మా, దాహం."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పైకి పో! పోవే తల్లీ!" అని అరిచాను. నిండు చూలాలు, చటుక్కున ఎలా తిరుగుతుంది? అప్పటికే చివరి మెట్టు మీదుంది.

ఆయన వైపు చూద్దును కదా, గోడకి మొహం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూడలేదు," అన్నాడు నాతో. "ఒట్టు, దోన్నా నున్సియాతా, నేను చూడలేదు. అమ్మాయిని పంపించేయండి."

అలా అంటూ చెమట తుడుచుకోవడానికి మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి కాలరు దగ్గర ఆగిపోయింది.

"ఇందులో కూడానా? నా పాత కోటు ఏది చిరిగినా లోపల్నుంచి ఏదో ఒకటి రాలుతుందమ్మా. కొమ్మో, ఉప్పు పొట్లమో. అందుకే లైనింగు వద్దన్నాను. ఒక్క కోటైనా, నన్ను చూసి హడలిపోకుండా కుట్టింది తొడుక్కోవాలని."

సబాతో నా వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "తీసెయ్యవే," అన్నాడు నా మొగుడు.

తీసేస్తే నా కూతురి కడుపుకీ ఆ కళ్ళకీ మధ్య ఇంకేం మిగులుతుంది?

"తీసెయ్యమ్మా," అంది ఇమ్మా.

ఆయన వెనక నిలబడి కుట్లు విప్పాను. కత్తెర మొన ఎక్కడ మెడకి తగుల్తుందోనని ఇంకో భయం. కొమ్ము నా అరచేతిలో పడింది.

"అయిపోయింది. ఇటు తిరగండి."

తిరిగాడు. కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"అమ్మాయి వెళ్ళిందా?"

"వెళ్ళలేదు," అంది ఇమ్మా. "కోటు ఎలా కుదిరిందో చూసుకోరా?"

"నిరుడు మెట్ల మీద నోరు జారాను తల్లీ. అప్పట్నుంచి కడుపుతో ఉన్నవాళ్ళు ఎదురైతే ఇంతే, కళ్ళు మూసుకుంటాను. మీ అమ్మ చెప్తేనే తెరుస్తాను."

నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు ఆ ముసలాయన. జాలేసింది. భయం మాత్రం పోలేదు, ఎందుకు అబద్ధం చెప్పాలి?

"తెరవండి," అన్నాను.

తెరిచాడు. అద్దం వైపు చూడనేలేదు. ఇమ్మా వైపు చూశాడు. ఎక్కడ మంచిమాట జారుతుందోనని చేత్తో నోరు మూసుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

కొమ్మును ఇస్త్రీపెట్టె నిప్పుల్లో పడేశాను. తాళంచెవిని మాత్రం వదల్లేదు. తిన్నా, పడుకున్నా గుప్పిట్లోనే ఉంచుకున్నాను. నా మనవరాలు పుట్టి వీధంతా వినబడేలా కేర్‌మన్నాక గానీ నా వేళ్ళు విడలేదు.