పేరు పెట్టకముందే

పొద్దున ఏడింటికి రేడియో తుఫాను పేరు చెప్పింది. మావిస్. తొమ్మిదయ్యేసరికి ఊళ్ళో సగం మంది రొజో పట్నం వెళ్ళే బస్సుల్లో ఉన్నారు.

ఎల్వీనా చేతిలో కొనాల్సిన వాటి చీటీ ఉంది. కొవ్వొత్తులు, చేపల డబ్బాలు, మేకులు, కిరసనాయిలు, ఇంటి బీమా. పక్కన కూర్చున్న కూతురు షాంటెల్ ఆ చివరి మాట చూసి ఏదో అనబోయి ఊరుకుంది. నలుగురిలో నోరు తెరవాలంటే ఆ పదహారేళ్ళ పిల్లకు అరచేతులు చెమటలు పట్టేవి.

బీమా ఆఫీసు ముందు వరుస వీధి మలుపు దాకా సాగింది. అందరికంటే ముందు, ఊరంతా టాంటీ అని, అంటే అత్త అని, పిలిచే పక్కింటి ఇజ్మే నిలబడి ఉంది. రేడియోలో పేరు వినగానే చేపల బండెక్కి వచ్చిందట.

"దేవుడే నా బీమా అనేదానివిగా టాంటీ?" అంది ఎల్వీనా.

"ఆ దేవుడే కదమ్మా నన్ను లేపి పంపించింది!"

ఆఫీసాయన లరోండ్ గుమ్మంలోకి వచ్చి రెండు చేతులూ పైకెత్తాడు. "వినండమ్మా. పేరు పెట్టిన తుఫాను మన మీదికి వస్తుంటే కొత్త బీమా రాయం. అది దాటిపోయాక రండి."

"దానితోపాటు ఇల్లూ దాటిపోయాక రమ్మంటావా?" అని అరిచింది ఇజ్మే.

"ఇల్లంటుకున్నాక నిప్పుకి బీమా అడిగితే ఎవరిస్తారు మిస్ ఇజ్మే? తుఫాన్ల కాలం రాకముందు, మే నెలంతా ఈ కుర్చీలో ఈగలు తోలుకున్నాను. ఒక్కరు రాలేదు."

కొవ్వొత్తులూ మేకులూ కొనుక్కుని తల్లీకూతుళ్ళు తిరిగొచ్చారు. ఎల్వీనా కుట్టుపని మీదే ఆ ఇల్లు నడుస్తోంది. రెండు కుట్టుమిషన్లు, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి, సెప్టెంబరులో బడి తెరిచేనాటికి ఇవ్వాల్సిన నలభైమంది పిల్లల యూనిఫారాలు. ఆ బట్ట తల్లులు కొని తెచ్చి ఇచ్చింది. మిషన్లను బల్ల మీదికెక్కించి టార్పాలిన్ చుట్టారు. బట్టను నీలం పీపాల్లో కుక్కి మూతలు బిగించారు. షాంటెల్ ఒక్కో మూతా నొక్కి చూసి, మళ్ళీ వచ్చి నొక్కి చూసింది. ఇల్లు పడిపోతే ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అనరు, వాళ్ళవీ పడిపోతాయి కాబట్టి. ఆ బట్ట పోతే నలభైమంది తల్లులకు ఏం చెప్పాలి?

తుఫాను ఉత్తరానికి తిరిగిపోయింది. నాలుగు అరటిచెట్లు ఒరిగాయి, అంతే. మర్నాటికి ఊరంతా నవ్వులు. వీధిలో సీమపనస కాల్చిన వాసన. ఎల్వీనా లంగా కుచ్చులు పడుతూ కూనిరాగం తీస్తోంది.

షాంటెల్ మాత్రం కూర్చోలేకపోయింది. దీని వెనకాలే సముద్రం మీద మరో సుడి లేచిందని రేడియో చెప్పింది. ఇంకా పేరు లేదు. రేపు సాయంత్రానికి పెట్టవచ్చట. ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆకాశం చూసి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"ఏంటే, కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడు?"

"అమ్మా, ఇవాళైతే ఆఫీసులో వరుసుండదు."

"ఇరవై ఏళ్ళుగా మన గుమ్మం తొక్కని గాలికి డబ్బు కట్టమంటావా?"

"అది రానప్పుడే కదమ్మా కట్టనిచ్చేది."

వేయించిన రొట్టెల గిన్నెతో లోపలికొస్తున్న ఇజ్మే ఆ మాట విని ఆగింది. "ఓసి, దీనికి మాటలొచ్చే! ఇన్నాళ్ళూ మూగదనుకున్నా. వదిలెయ్యి పిల్లా, పోయిందిగా తుఫాను."

"నిన్న వరుసలో నువ్వే ముందున్నావు టాంటీ."

అనేశాక షాంటెల్ చెవులు వేడెక్కాయి. ఇజ్మే పొట్ట పట్టుకుని నవ్వింది. "అవునే! భయం ఉన్నంతసేపే నా కాళ్ళు నడుస్తాయి."

ఎల్వీనా నవ్వలేదు. తలొంచుకుని, ఒక చొక్కా అందుకుని ఓవర్‌లాక్ పెడల్ మీద కాలు నొక్కింది. షాంటెల్ గోడ దగ్గరికి వెళ్ళి దాని ప్లగ్గు లాగేసింది.

"ఏయ్! ఒళ్ళు కొవ్వెక్కిందా?"

"ఆ బట్ట మనది కాదమ్మా." షాంటెల్ ప్లగ్గు వదల్లేదు. "పేరు పెట్టకముందే వెళ్దాం."

ఎల్వీనా చేతిలో సగం కుట్టిన చొక్కా ఉంది. దాని కాలరుకు కట్టిన చీటీ మీద ఎవరి పిల్లాడిదో పేరు. ఆమె ఆ పేరు చదివి చొక్కా బల్ల మీద పెట్టింది. తర్వాత లేచింది. "చెప్పులేసుకో. పన్నెండింటి బస్సు ఉంది."

ఆఫీసులో నిజంగానే ఎవరూ లేరు. లరోండ్ భోజనం డబ్బా పక్కకు నెట్టి కాగితాలు తీశాడు. గోడలు దేనితో కట్టినవి, కప్పుకి ఇనుప పట్టీలున్నాయా, ఇల్లు ఎప్పుడు కట్టారు అని అడుగుతూ రాసుకున్నాడు. షాంటెల్ ఫోనులో తీసిన ఫొటోలు చూపించింది. మంచం, ఫ్రిజ్, మిషన్లు. ఎల్వీనా కలం పట్టుకుంది.

కాగితం మీద 'ఇంటివారి సొంత సామాను' అని ఉంది. షాంటెల్ దాన్ని రెండుసార్లు చదివింది. అడగాలి. ఆ మాటల కింద వేలు పెట్టింది. కలం మొన కాగితాన్ని తాకబోయింది.

"మా ఇంట్లో ఉన్న బట్ట... వేరేవాళ్ళది. అది ఇందులో వస్తుందా అండీ?"

లరోండ్ తలెత్తాడు. "రాదు. ఆ మిషన్ల మీద సంపాదిస్తున్నారా?"

"అదే మా తిండి," అంది ఎల్వీనా.

"అయితే అవీ రావు. ఇంట్లో వ్యాపారమనీ, పరాయివాళ్ళ సరుకు ఉందనీ విడిగా రాయాలి. చాలామంది చెప్పరు. అంతా పోయాక వచ్చి ఇక్కడ ఏడుస్తారు." ఇంకో కాగితం తీశాడు. "కొంచెం ఎక్కువవుతుంది. నెలనెలా కట్టుకోవచ్చు."

ఎల్వీనా కూతురివైపు చూసి, రెండు కాగితాల మీదా సంతకం పెట్టింది. "ఎప్పట్నించి లెక్క?"

"ఇప్పట్నించే. ఇవాళ రెండు గంటల నుంచి."

బయట ఎండ మాడ్చేస్తోంది. ఆకాశంలో మబ్బుతునక లేదు. ఎల్వీనా కొబ్బరినీళ్ళ బండి దగ్గర ఆగింది. "దా, తాగి వెళ్దాం. అయిపోయిందిగా నీ గోల."

"కాగితం గాలిని ఆపదు కదమ్మా. కిటికీలకి చెక్కలు కొట్టాలి, మిషన్లు మళ్ళీ పైకెక్కించాలి." షాంటెల్ అప్పటికే బస్సులు ఆగే చోటుకు నడిచేస్తోంది.

"ఆగవే! నీ కాళ్ళలాంటివా నావి?" అని కేకేస్తూనే ఎల్వీనా వెనకాల పరుగులాంటి నడకతో బయలుదేరింది.