కుండమార్పిడి సంబంధం

శ్రీపతి మాట్లాడడం తక్కువ. సిడ్నీలో బస్సు తోలినన్నాళ్లూ ఆ గుణం పనికొచ్చింది. కిడ్నీలు రెండూ చెడ్డాక ఇంకా పనికొచ్చింది. డయాలసిస్ కుర్చీలో కూర్చున్నవాడు ఏం మాట్లాడినా వినేది యంత్రమే.

భార్య మంగళ తన కిడ్నీ ఇస్తానంది. నెత్తురు కలవలేదు. అప్పుడు ఆసుపత్రిలో మేగన్ అనే నర్సు ఒక దారి చెప్పింది. ఇలా కలవని జంటలు ఊరూరా ఉంటారట. ఈ దేశం డాక్టర్లూ న్యూజిలాండ్ డాక్టర్లూ కలిసి అందరి వివరాలూ కంప్యూటర్‌కి ఇస్తారట. ఎవరిది ఎవరికి సరిపోతుందో అది తేలుస్తుందట. మంగళది ఎవరికో పోతుంది, ఎవరిదో శ్రీపతికి వస్తుంది. ఒకే రోజు ఆపరేషన్లు. కిడ్నీలు పెట్టెల్లో విమానమెక్కి వస్తాయి. ఎవరిది ఎవరికన్నది మాత్రం చెప్పరు.

"ఓహో, కుండమార్పిడి," అంది మంగళ. మన పిల్లని వాళ్లింటికిచ్చి, వాళ్ల పిల్లని మనింటికి తెచ్చుకునే పెళ్లికి గుంటూరు వైపు ఆ పేరు.

కొన్ని నెలలకి జత కుదిరింది. తేదీ పెట్టారు. శ్రీపతికి చాలా కాలానికి ఆకలేసింది. మంగళకి మాత్రం నిద్ర పట్టలేదు.

"సంబంధం కుదిరాక అవతలివాళ్లెవరో తెలీకపోతే ఎలాగండీ? ఏం తింటారో, ఎలాంటివాళ్లో."

"తెలిసి ఏం చేస్తావు?"

"తెలిస్తే తెలుస్తుంది కదా."

సిడ్నీలో వాళ్లుండే గిరావీన్ పేటలో తెలుగు సంఘానికి జయంత్ అధ్యక్షుడు. పగలు బ్యాంకులో కంప్యూటర్ పని, సాయంత్రం జాతిసేవ. మంగళ మాట చెవిన పడగానే వాట్సాప్ గ్రూపులన్నీ గాలించాడు. మెల్‌బోర్న్ దగ్గర క్రాన్‌బర్న్‌లో నరసింహ అనే ఆయనకీ అదే రోజు కిడ్నీ పెడుతున్నారని తేలింది. భార్య సీతాదేవిది ఆయనకి కలవక, వాళ్లూ ఇదే పద్ధతిలో పేరిచ్చారు.

"కన్ఫర్మ్ అంకుల్. సేమ్ డేట్, సేమ్ ప్రోగ్రామ్, ఇద్దరూ మనవాళ్లే. ఇంకెవరుంటారు చెప్పండి?"

"కంప్యూటర్ మనవాళ్లనే ఎందుకు చూస్తుంది?" అన్నాడు శ్రీపతి.

"అంకుల్, నేను ఐటీలో ఉన్నా," అన్నాడు జయంత్. దానికిక ఎదురేముంది. అప్పటికే బ్యానర్ కొట్టించేశాడు కూడా: 'అవయవ మార్పిడిలో సిడ్నీ - మెల్‌బోర్న్ తెలుగు సంఘాల సహకారం'. మెల్‌బోర్న్ పేరు ముందుండాలని అక్కడి సంఘం అలిగింది. కిడ్నీల కంటే దానికే ఎక్కువ ఫోన్లు నడిచాయి.

ఆదివారం క్రాన్‌బర్న్ దంపతులు విమానంలో వచ్చారు. మంగళ బొట్టు పెట్టి చీర పెట్టింది. జయంత్ "వియ్యంకులు, వియ్యంకులు" అంటూ ఫొటోలు తీశాడు. గోంగూర మగాళ్లిద్దరికీ పనికిరాదు కాబట్టి ఆడాళ్లే తిన్నారు. అంతవరకూ బాగానే ఉంది.

"మీకు షుగరేమన్న ఉన్నదా వదినా?" అడిగింది సీతాదేవి. వాళ్లది వరంగల్.

"ఉంటే డాక్టర్లు తీసుకోరుగా. మీరు మాంసం ఎక్కువ తింటారా?"

"తింటం. ఏం, కిడ్నీల వాసనొస్తదా?"

"ఊరికే అడిగానండీ. మా ఆయనది సున్నితమైన ఒళ్లు."

"మాది నలభై రెండేండ్ల కిడ్నీ. మీది అరవై దగ్గరికొచ్చె. మేమేమన్న అడిగినమా?"

"అయితే ఆ తేడాకి లాంఛనాలు పెట్టమంటారా?"

నరసింహ ఇటు చూశాడు. శ్రీపతి అటు చూశాడు. ఇద్దరికీ కిడ్నీ లేదు, మాటా లేదు.

సీతాదేవి లేచింది. "మర్యాద తెల్వని ఇంటికి నా కిడ్నీ రాదు. పొద్దుగాల్నే దవాఖానకు ఫోన్ జేసి వద్దంట."

శ్రీపతి గుమ్మంలో చేతులు జోడించాడు. ఆమె ఆగలేదు. గ్రూప్ ఫొటో ఒకటి మిగిలిపోయిందంటూ జయంత్ కారు దాకా వెంటపడ్డాడు.

సోమవారం పొద్దున్నే నరసింహ ఫోన్ చేశాడు. "చెప్పేసిందన్నా. నా మాట ఇనలే."

శ్రీపతి డయాలసిస్‌కి వెళ్లి కూర్చున్నాడు. ఇక పోయేదాకా ఈ కుర్చీయే అనుకున్నాడు. అంతలో మేగన్ వచ్చి, శుక్రవారం ఏమీ తినకుండా రమ్మంది.

"అవతలివాళ్లు మానుకున్నారు కదా?"

"ఎవరన్నారు? ఇప్పుడే కబురొచ్చింది. అంతా సిద్ధం."

శ్రీపతికి ప్రాణం లేచొచ్చింది. అంటే తన జత వీళ్లు కాదు. మరుక్షణం ఇంకోటి తట్టింది. సీతాదేవి కిడ్నీ కోసం ఎక్కడో ఇంకొకడు ఇలాంటి కుర్చీలోనే కూర్చుని ఉంటాడు. పాపం, వాడు ఆమెని భోజనానికీ పిలవలేదు, వాడి పెళ్లాం ఆమెని పల్లెత్తు మాటా అనలేదు. ఆమె ఇవ్వకపోతే ఇటు నరసింహకీ రాదు.

సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా, రెండో చేత్తో క్రాన్‌బర్న్‌కి ఫోన్ చేశాడు. సీతాదేవే ఎత్తింది. శ్రీపతి పుట్టి బుద్ధెరిగాక అంత పొడుగు ఎప్పుడూ మాట్లాడలేదు.

"అమ్మా, మనం వియ్యంకులం కాదు. నాకొచ్చేది వేరే వాళ్లది. నీది ఎవరికో, మీ ఆయనకొచ్చేది ఎవరిదో నాకూ తెలీదు, జయంత్‌కీ తెలీదు. మా మీద కోపంతో వాళ్ల నోట మట్టి కొట్టకు. ఆసుపత్రికి మళ్లీ ఫోన్ చెయ్యి."



"అంటే నా కిడ్నీ మీ ఇంటికొస్తలేదా?"

"రావడం లేదు."

"నిజంగనే?"

"మంగళ మీద ఒట్టు."

"గట్లయితే ఇస్త," అంది సీతాదేవి తేలికపడిన గొంతుతో. ఆ వెంటనే, "మరి మా అసలు వియ్యంకులెవరో జయంత్ సార్‌ని అడిగితే..."

"ముందు దవాఖానకి చెయ్యమ్మా," అన్నాడు శ్రీపతి.

సాయంత్రం నరసింహ ఫోన్ చేశాడు. "చేసిందన్నా."

"ఎవరికి?"

"దవాఖానకే."