మిరియాల డబ్బా

గుడ్డు పెనానికి అంటుకుపోతే ఆ ఇంట్లో తప్పు పెనానిదీ కాదు, నూనెదీ కాదు. "ధ్యాస ఎక్కడ పెట్టావ్?" అన్నాడు ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండానే. ధ్యాస సోమవారం మీద ఉంది. సోమవారం ఆమెకి మత్తిచ్చి, బొడ్డు కింద చిన్న గాటు పెట్టి, కెమెరా గొట్టం లోపలికి పంపి గర్భసంచి చూస్తారు. "చిన్నదేగా, దానికింత ఆలోచన దేనికి?" అని రాత్రి తేల్చేశాడు. కోసేది తన పొట్ట కానప్పుడు ఏ కోతైనా చిన్నదే.

పిల్లల్లేని ఇన్నేళ్ళలో ఆమె ఒళ్ళు ఊరుమ్మడి వస్తువైపోయింది. ఎవరికి తోచిన సలహా వాళ్ళు పారేసి పోతారు. "పొద్దస్తమానం నిలబడి పాఠాలు చెబితే గర్భం ఎలా నిలుస్తుందమ్మాయ్?" అంటుంది అత్తగారు, అదే నోటితో ఇంకో బక్కెట్టు బట్టలు ఉతకమంటూ. బడిలో హెడ్మిస్ట్రెస్‌ది మరో వరస. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తే కాపలా ఎవరు? "నువ్వుండమ్మా, నీకేం తొందర? ఇంటి దగ్గర నీకోసం ఏడ్చేవాళ్ళు లేరుగా!" అదేదో పెద్ద దయ చేసినట్టు భుజం కూడా తడుతుంది. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు వెనక రోజుకింత ఒళ్ళు మండుతుంది.

ఆయన్ని మాత్రం అందరూ మెచ్చుకుంటారు. ఎందుకంటే ఆసుపత్రికి కార్లో తీసుకెళ్తాడు. తీసుకెళ్ళి, చెట్టు నీడ చూసి కారు ఆపి, సీటు వెనక్కి వాల్చుకుని మ్యాచ్ చూస్తాడు. లోపల ఆమెకి రక్తం తీస్తారు, సూదులు పొడుస్తారు, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. ఆ ఎక్స్‌రే రోజు నొప్పికి కళ్ళు తిరిగి, గోడ పట్టుకుని నడిచొచ్చి కారు తలుపు తీస్తే, "ఒక్క ఓవరు ఆగు" అన్నాడు. ఆ మాట ఆమె మర్చిపోలేదు. అసలు మర్చిపోదు కూడా.

నిజానికి డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. "ముందు మీవారిది చూద్దామమ్మా. సూది లేదు, కోత లేదు." నర్సు నమూనా కోసం ఎర్రమూత డబ్బా ఒకటి తీసి, దాని మీద స్టిక్కరు అంటించి, ఆమె ఎదుటే రాసింది. ఆమె పేరు రాసి, పక్కన 'భర్త' అని. పెళ్ళయిన దగ్గర్నుంచీ గ్యాసు పుస్తకం మొదలు శుభలేఖల దాకా ఆమే ఫలానా ఆయన భార్య. ఆయన ఫలానా ఆమె భర్త అయింది ఆ ఒక్క డబ్బా మీదే. అది చూసి అప్పట్లో ఆమెకి నవ్వు కూడా వచ్చింది.

డబ్బా ఇస్తే ఆయన మొహం మాడ్చుకున్నాడు. "మా వంశంలో అలాంటివేం లేవు" అన్నాడు. వారం తర్వాత మాత్రం హుషారుగా ఇంటికొచ్చి, "ఆఫీసు పక్క ల్యాబులో ఇచ్చేశా. అంతా నార్మలట. కాగితం ఆఫీసు సొరుగులో ఉంది, తెస్తాలే" అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మడమే కాదు, డాక్టరమ్మకి తనే హామీ ఇచ్చింది, "ఆయనకేం లేదండీ" అని. ఆయనకేం లేదు కాబట్టి మిగిలింది ఆమె. అందుకే సోమవారం.

"మిరియాల పొడి ఇటివ్వు" అన్నాడు ఆయన.

చెయ్యి చాచి తీసింది. వారం పదిరోజులుగా బల్ల మీదున్న డబ్బాయే. అత్తగారికి మూత గట్టిగా ఉన్న డబ్బా కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఐస్‌క్రీం డబ్బాల్లో పప్పులు, మందు సీసాల్లో గుండీలు దాస్తుంది. అందుకే ఆమె ఎన్నడూ పట్టి చూడలేదు. ఇవాళ జిడ్డు చేతికి ఏదో బరబరా తగిలింది. తిప్పి చూసింది. కడిగితే సగం లేచిపోయిన స్టిక్కరు. సిరా వెలిసిపోయినా, తన పేరు తనకి తెలీదా? పక్కన 'భర్త'.

"అత్తయ్యా, ఈ డబ్బా ఎక్కడిది?"

"చెప్పుల స్టాండు వెనక పడుందమ్మాయ్. సీలన్నా తియ్యలేదు, కొత్తది! నీకే పొదుపు లేదనుకుంటే వీడికీ లేదు. చూడు, మూత ఎంత గట్టిగా ఉందో. గాలి చొరబడదు."

ఆయన చేతిలో చెంచా ఆగింది. ఆయన మొహం చూస్తే ఇక ఏ కాగితమూ తెమ్మనక్కర్లేదు.

"అది... నాకు తీరిక దొరక్క..." అన్నాడు.

తీరిక! ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా భగ్గుమంది. ఇన్ని సూదులకీ, ఇన్ని బిళ్ళలకీ, గోడ పట్టుకుని నడిచిన ఆ రోజుకీ ఆమెకెక్కడి తీరిక? పైగా ఆ అబద్ధాన్ని డాక్టరమ్మ దాకా మోసింది తనే.

"ఏమిట్రా అది? దేని డబ్బా?" అంది అత్తగారు అయోమయంగా.

"మీ అబ్బాయి పరీక్షకని ఆసుపత్రిలో ఇచ్చిన డబ్బా అత్తయ్యా. ఇచ్చేశానని చెప్పి చెప్పుల వెనక దాచారు. నన్ను సోమవారం కోయిస్తున్నారు."

అత్తగారు మిరియాల పొడి వంకా, కొడుకు వంకా మార్చి మార్చి చూసింది. "నేను వేణ్ణీళ్ళతో కడిగే పోశాను" అంది చివరికి, నేరం తన మీదకి వస్తుందేమోనని.

ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడు రచ్చెందుకు? నీది ఎలాగూ సోమవారానికి రాయించాం కదా, అదయ్యాక నాది చూద్దాం."

ఆమె స్టవ్ ఆపేసింది. చేతులు తుడుచుకుని, ఆయన ఎదురుగానే ఆసుపత్రికి ఫోన్ చేసింది. తన ఆపరేషన్ వద్దంది. ఆ రోజుకి ఇంకో పరీక్ష రాసుకోమంది. ఎవరికని అవతల నర్సు అడిగితే, "నా భర్తకి" అంది.

ఫోన్ పెట్టేసి ఆయన వైపు తిరిగింది.

"సోమవారం మీరు లోపలికి వెళ్ళండి. కార్లో నేను కూర్చుంటాను."