ఎడమకు ఒరిగే దవడ

కణితి వచ్చిందని మా అన్నయ్య కింది దవడలో ఎడమ సగం తీసేసి, కాలి ఎముక ముక్కతో మళ్లీ కట్టారు. అప్పటినుంచి అతను తలుపు వేసుకుని గదిలో ఒక్కడే తినేవాడు. "బాగయ్యాక అందరితో కూర్చుంటాలే" అనేవాడు.

దవడ కదలికలను కంప్యూటర్‌లో లెక్కగట్టడమే నా ఉద్యోగం. ఏ వ్యాయామంతో కుదురుతుందో తెలుస్తుందన్న ఆశతో, అన్నయ్య స్కాన్‌ల నుంచి అతని దవడ నమూనా తయారుచేశాను. ఎడమవైపు నమిలే కండరాలు కణితితోపాటే పోయాయి. మిగిలినవాటికి ఎంత బలమిచ్చి చూసినా, తెర మీద నోరు తెరుచుకునేసరికి దవడ ఎడమకు ఒరిగిపోయేది.

గుండె రాయి చేసుకుని అతని గదికి వెళ్లాను.

"అన్నయ్యా, ఇంకాస్త బలం వస్తుంది గానీ, మునుపటిలా నమల్లేవు. వంకర పోదు."

అతను కళ్లు తుడుచుకున్నాడు.

"ఈ ముక్క ఎవరూ చెప్పలేదే! నేనేమో ఇవాళో రేపో బాగవుతుందని తలుపేసుకు కూర్చున్నాను."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. నీ మీద కాదులే."

ఆ పూట తన గిన్నె తెచ్చుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. వదిన గాభరాగా లేవబోతే, కూర్చోమని సైగ చేశాడు. మొదటి ముద్ద సగం గడ్డం మీదికి జారింది. అందరం తలలు దించుకున్నాం.

"చూడండర్రా, ఫరవాలేదు. ఇక రోజూ చూడాల్సిందేగా" అన్నాడు తువ్వాలు అందుకుంటూ.

వదిన ముందుగా తలెత్తింది. అతను తినడం పూర్తయ్యేదాకా ఎవరమూ బల్ల దగ్గర్నుంచి లేవలేదు.