టీవీ పక్కన టీపొడి డబ్బా

"ఒక్క మాట చెబితే నేను చేసేవాణ్ణి కదా" అని అల్లుడు అన్నప్పుడు, మా చీమ జ్వరంతో నిలబడి గిన్నెలు తోముతోంది. చీమంటే మా అక్క కూతురు. చిన్నప్పుడు ఒక్కచోట కూర్చుంటే ఒట్టు, అందుకే ఆ పేరు పెట్టా. పెళ్లయ్యాకయినా కూర్చుంటుందనుకున్నా. ఏదీ?

అల్లుడు మంచోడే లెండి. చేతిలో పీచు లాక్కుని తనే తోమేశాడు. టీ కూడా పెట్టిచ్చాడు. జ్వరం తగ్గింది, దాంతోపాటే టీ కూడా ఆగిపోయింది. అత్తగారు మాత్రం "ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడే" అని ఆర్నెల్లు చెప్పుకుంది. నిజమే కదా, మంచోడే కదా, మరి నాకెందుకింత అలసట, నాదే ఏదో పాడుబుద్ధి అని చీమ తనని తనే తిట్టుకునేదట. నొప్పి ఉంది, ఎక్కడుందో తెలీదు. తర్వాతెప్పుడో నాతో చెప్పింది.

తను సబ్బుల కంపెనీలో అమ్మకాలు చూస్తుంది. అక్కడో రోగం. నెలాఖరుకి సరుకు కదలకపోతే డిస్కౌంటిస్తారు. కొట్టువాళ్లేమన్నా వెర్రోళ్లా? నెల మొదట్లో కొనకుండా గోళ్లు గిల్లుకుంటూ ఆగుతారు. కొనట్లేదని కంపెనీ ఇంకాస్త డిస్కౌంటు. కుక్క తన తోకని తనే తరుముకున్నట్టు. కొత్త రకం సబ్బు తేవాలంటే డబ్బేదీ? చేతిలో మిగిలింది నురగే.

ఓ రోజు మీటింగులో చీమ బోర్డు మీద గుండ్రంగా బాణాలు గీసి చెబుతోందట. "కొట్టువాళ్ల తప్పు కాదు సార్. ఆగితే దొరుకుతుందని మనమే నేర్పాం. ఎవరి ముక్క వాళ్లు చూసుకుంటే అందరూ సరిగ్గానే చేస్తున్నట్టుంటుంది. మొత్తం కలిపి చూస్తేనే తేడా తెలుస్తుంది."

"డిస్కౌంటు ఆపితే అమ్మకాలు పడిపోవా అమ్మా?" అన్నాడు మేనేజరు.

"పడతాయి సార్. మొదట్లో పడతాయి. భయపడి మళ్లీ ఇచ్చామా, ఇంకెప్పటికీ లేవవు. పడనివ్వాలి."

సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను గొణిగింది. అల్లుడు. "టీపొడి డబ్బా ఎక్కడ పెట్టావ్?"

దాచింది నేనే. చుట్టం చూపుగా వెళ్లి చేతులు ఊరుకోక, తీసి టీవీ పక్కన పెట్టా. అల్లుడు టీవీలో చూస్తున్న ఆటకి ఆనుకునే ఉంది డబ్బా. తలొంచుకుని వంటింట్లోకెళ్లాడు, అలమర తలుపు ఒకటి తీశాడు, మెడ కూడా తిప్పకుండా ఫోను నొక్కాడు.

"ఇంటినుంచేనా? ఆడవాళ్లకి రెండు ఆఫీసులు పాపం" అన్నాడట మేనేజరు. అందరూ నవ్వారు. చీమకి నవ్వు రాలేదు. తను గీసిన బాణాలే చూస్తూ నిలబడిపోయింది. తను పడిపోతే టీ వస్తుంది, లేస్తే ఆగిపోతుంది. అడిగితే చేస్తాడు, కానీ అడగడమూ తన పనే, ఏది ఎక్కడుందో గుర్తుంచుకోవడమూ తన పనే. ఆయనకి ఆగడం నేర్పింది వాళ్లమ్మ, అడక్కుండా చేసెయ్యడం తనకి నేర్పింది మా అక్క. ఇన్నాళ్లూ చెడ్డమనిషెవరా అని వెతికింది. దొరకలేదు. గిర్రున తిరిగే ఈ బాణం దొరికింది.

మేనేజరు గడ్డం గోక్కుని, "అయితే ముందు ఒక్క ఊళ్లో డిస్కౌంటు ఆపి చూద్దాం. మూడు నెలలు నువ్వే అక్కడుండి చూసుకోవాలి. రేపటికి చెప్పు" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పింది. "వెళ్లు, నేనెప్పుడైనా వద్దన్నానా?" అన్నాడు అల్లుడు. "కాస్త కూరలు వండి ఫ్రిజ్‌లో పెట్టి, ఏవి ఎక్కడున్నాయో అమ్మకి చెప్పి వెళ్తే చాలు."

"దుప్పట్లు కూడా ఉతికి వెళ్లవే" అంది అత్తగారు.

చీమ అలవాటుకొద్దీ ఫ్రిజ్ తలుపు తీసింది. ఏ గిన్నెలో ఏ కూర అని మనసు అప్పుడే పరుగు మొదలెట్టేసింది. నేనూరుకుంటానా? "టీపొడి దొరికిందా బాబూ?" అని అల్లుణ్ణి గిల్లా.

"తనొచ్చి తీసిచ్చింది మావయ్యగారూ. ఈ టీవీ పక్కనే ఉందట. ఎవరు పెట్టారో ఏమో" అన్నాడు, ఆ టీవీ ముందే కూర్చుని.

చీమ నావైపు చూసింది. చిన్నప్పుడు నా దొంగతనాలు పట్టేసిన చూపే. అలా చూస్తూనే తలుపు మూసింది. ఫ్రిజ్ ఖాళీగానే ఉండిపోయింది. అక్కణ్ణుంచే మేనేజరుకి ఫోన్ చేసి, "వెళ్తున్నా సార్" అంది.

ఆ వారంలోనే బయల్దేరింది. పెట్టె పట్టుకుని గడప దాటుతుంటే అల్లుడు వెనకే వచ్చాడు. పాపం, నిజంగానే బెంగపడ్డాడు. "నువ్వేమీ చెప్పకుండా వెళ్లిపోతే ఇల్లు చతికిలపడుతుందే."

"పడుతుంది" అంది చీమ, ఆయన చొక్కా గుండీ సరిచెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "మొదట్లో పడుతుంది. పడనివ్వండి."