తలకిందుల రేకు

"ఆ తుప్పు రేకు చెయ్యి కోసేస్తుందే, వర్డీ! ధనుర్వాతం వస్తే ఏం గతి?"

కుంచె ఆపదు.

పెకన్ చెట్టు నుంచి కాయ రాలుతుంది. షెడ్డు కప్పు మీద — టంగ్.



పదకొండు వారాలు. నా కూతురు వర్డీ గొంతులో గడ్డ తీసేసి. ఆరు వారాలకు మాట్లాడొచ్చన్నాడు డాక్టరు. మాట్లాడదు. ఎలాంటి గొంతు వస్తుందోనని దాని భయం. అసలు వస్తుందా అని నాది.

మా అలబామా పాటకు చదువు అక్కర్లేదు, స్వరానికో ఆకారం. త్రికోణం ఫా. గుండ్రం సోల్. నలుచదరం లా. వజ్రం మీ. చర్చిలో నాలుగు వైపులా ఎదురెదురుగా కూర్చుంటాం. ముందు ఆకారాల పేర్లు పాడతాం, మాటలు తర్వాత. నడుమ నిలబడి చెయ్యి ఊపి నడిపించేది వర్డీ.

ఇప్పుడు ఆ ఆకారాలనే కోళ్ళగూటి పాత రేకుల మీద వేస్తుంది. నీలం. ఇటుక రంగు. మళ్ళీ నీలం.

పక్కింటి ఎర్లీన్ వచ్చి చూసింది.

"గాలిపటాలూ గుడ్లూ కనబడుతున్నాయి గానీ, ఇందులో పాటెక్కడుందే?"

నా మొహం చూసి భుజం మీద చరిచింది.

"ఊరుకో అక్కా. మా ఆయన పదకొండు వారాలు నోరు మూసుకుంటే ఊరంతటికీ విందు పెడతా!"

నవ్వు రాలేదు.

ఎల్లుండి ఆదివారం, పాటల సభ. వర్డీని నడుమకు పిలుస్తారు. అది లేవకపోతే? లేచి, నోరు తెరిచి… ఏమీ రాకపోతే?

అలసిపోయాను. భయపడీ భయపడీ, ఒళ్ళంతా బరువు.

సాయంత్రం గోడకు ఆనించి ఆరబెట్టిన రేకు ముందు కూలబడ్డాను. వర్డీ నాకు వెనక, ఇంకో రేకు మీద రంగు వేస్తోంది. ఏం చెయ్యాలో తోచక, వేలు పెట్టి ఒక్కో ఆకారం పాడాను.

లా… సోల్… సోల్… ఫా…

వంకరగా వచ్చింది. ఎక్కడా కుదురుకోని పాట. గొంతుతో పాటు దీని బుద్ధి కూడా పోయిందా, దేవుడా?

మళ్ళీ పాడాను. ఇంకా వంకర.

వెనక కుంచె ఆగింది.

కాయ రాలింది — టంగ్.



ఇంకోటి — టంగ్.

"అమ్మా."

గరుగ్గా. నేల మీద రేకు ఈడ్చినట్టు.

"అది తలకిందులుగా పెట్టానే. చివర్నించి పాడుతున్నావ్."

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ గొంతు మళ్ళీ పోతుందేమోనని.

రేకు తిప్పాను. అంచు నా వేలే కోసింది.

ఇప్పుడు మొదట త్రికోణం, ఫా.

నేను పాడలేదు. వర్డీ అందుకుంటుందని ఎదురుచూస్తున్నాను.

కప్పు మీద — టంగ్.