వారసుడి గడి

నవంబరు పద్నాలుగు, ఉదయం ఏడున్నర. బాలాసాహెబ్ చౌగులే చెరకు కొయ్యడానికి పద్దెనిమిది మంది ముఠా రెండు ట్రాక్టర్లతో వచ్చింది. చేలోకి దారి లేదు. ముందున్న జాధవ్ చెరకు కోస్తేగాని బండి దిగదు. ఎనిమిదిన్నరకి ముఠా వెళ్లిపోయింది. ఫ్యాక్టరీ కొత్త కంప్యూటరు 'రైతు కోతకి నిరాకరించాడు' అని రాసుకుని, చౌగులే వంతును ఫిబ్రవరి నెలాఖరుకి నెట్టింది.

పదింటికి చౌగులే చక్కెర ఫ్యాక్టరీకి వచ్చాడు. కొల్హాపూర్ దగ్గరి ఆ సహకార ఫ్యాక్టరీలో శేవంతా మగ్దూం చెరకు నమోదు గుమాస్తా. ఆ ఉద్యోగంలో ఆవిడకిది పంతొమ్మిదో ఏడు.

"తాయీ, నేనెప్పుడు నిరాకరించాను? ఫిబ్రవరికి నా చెరకు బెండైపోతుంది. పొయ్యిలోకి తప్ప పనికిరాదు." జేబులోంచి ఫ్యాక్టరీ పంపిన ఉత్తరం తీశాడు. "ఇదేమిటి మరి? నా వారసుడు జాధవట! గట్టు కోసం పన్నెండేళ్లుగా నన్ను కోర్టుకి తిప్పుతున్నవాడు!"

"ఆయనకీ ఉత్తరం వెళ్లిందా?"

"వెళ్లకేం! పొద్దున్నే గుమ్మంలోకొచ్చి 'ఒంట్లో ఎలా ఉంది దాదా?' అని అడిగాడు. పన్నెండేళ్లలో మొదటిసారి."

శేవంతాకి విషయం అర్థమైంది. పాత ప్రోగ్రాంలో చేను దారి రాయడానికి గడి లేదు. వారసుడి గడి ఉండేది, దానితో ఎవరికీ పని పడేది కాదు. అందుకని దారి లేని చేలకి, ముందు ఎవరి చెరకు కొయ్యాలో వాళ్ల పేరు అందులో రాసేది. కోత పర్మిట్ మీద ఆ పేరు చూసి ముఠా మేస్త్రి ముందు అక్కడికి వెళ్లేవాడు. ఆవిడకి ముందున్న గుమాస్తా పెట్టిన పద్ధతి అది.

జూన్‌లో కొత్త ప్రోగ్రాం కంపెనీ తరఫున పుణె నుంచి నచికేత్ ఆప్టే వచ్చి, పాత ప్రోగ్రాంలోని ఏ గడి కొత్తదాన్లో ఏ గడిలోకి వెళ్లాలో పట్టిక వేశాడు. దాన్ని మ్యాపింగ్ అన్నాడు. నూట పన్నెండు గడులు. వారసుడి గడి దగ్గర, ఇందులో సమాచారం ఉందా అని అడిగాడు. ఉందంది. ఏ సమాచారమని అతను అడగలేదు. పట్టిక కింద ఆవిడ సంతకం ఉంది.

చౌగులేని వెంటబెట్టుకుని ఎండీ ఘాట్గే గదికి వెళ్లింది. ఆప్టే అక్కడే ఉన్నాడు.

"వారసుడి గడిలో వారసుడే ఉంటాడు కదా తాయీ?" అన్నాడు.

"మా దగ్గర దారి ఉంటుంది."

"అలా రాయకూడదు."

"అలా రాసే ఇన్నేళ్లు చెరకు కోశాం."

ఘాట్గే కల్పించుకున్నాడు. "ఇంతకీ తప్పెవరిది?"

"డేటాది సార్" అన్నాడు ఆప్టే.

ఘాట్గే తేలికపడ్డాడు. డేటాకి మెమో ఇవ్వనక్కర్లేదు.

"దారికో కొత్త గడి పెట్టండి" అంది శేవంతా.

"బోర్డు తీర్మానం కావాలి. ఆ తర్వాత మావాళ్లకి నాలుగు నెలలు."

"అప్పటికి సీజను అయిపోయి ఫ్యాక్టరీ మూస్తారు బాబూ" అన్నాడు చౌగులే. "ఆ గడిలో నా చెరకు తద్దినం తేదీ రాసుకోండి."

ఆప్టే తెర మీద వెతికాడు. "ఫ్యాక్సు నంబరు గడి ఖాళీగా ఉంది. పర్మిట్ మీద అచ్చవుతుంది. కాకపోతే అంకెలే తీసుకుంటుంది."

"జాధవ్ సభ్యత్వ సంఖ్య అంకెలే" అంది శేవంతా.

"నేనేమీ చెప్పలేదు" అన్నాడు ఆప్టే.

నిరాకరణ కొట్టెయ్యాలంటే రైతు క్షమాపణ పత్రం జతచెయ్యాలంది కంప్యూటరు. చెయ్యని నిరాకరణకి చింతిస్తున్నానని చౌగులే సంతకం పెట్టాడు.

నవంబరు ఇరవై ఎనిమిదికి ఫ్యాక్సు గడిలో పదకొండు వందల నలభై నంబర్లు చేరాయి. ఫ్యాక్టరీలో ఫ్యాక్సు యంత్రం లేదు. రైతుల ఫ్యాక్సు వివరాల సేకరణలో గణనీయమైన ప్రగతి ఉందని ఆప్టే కంపెనీ నివేదిక ఇచ్చింది.

డిసెంబరు మూడున జాధవ్ చెరకు, నాలుగున చౌగులే చెరకు కోశారు. చౌగులేది యాభై ఎనిమిది టన్నులు తూగింది.